ఒంటెల డాక్టరమ్మ, నూజివీడు ఒంటెద్దు

పదకొండేళ్ళుగా నేను ఒక ఎద్దు కోసం ఎదురుచూస్తున్నాను. వినడానికి వింతగా ఉంటుంది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత దారిలోకి వస్తాను. హైదరాబాద్‌లో ఒక పశువైద్య కళాశాలలో పిల్లలకు శరీర నిర్మాణం చెప్పడం నా ఉద్యోగం. ఉద్యోగంలో చేరకముందు బికనీర్ దగ్గర రెండు శీతకాలాలు ఉండి, ఒంటెల కాళ్ళలోని కండరాలు ఎలాంటి పోగులతో తయారై ఉంటాయో చూశాను. కండరం అంటే సన్నటి పోగుల కట్ట. కొన్ని పోగులు నిదానంగా లాగుతాయి, గంటల తరబడి పనిచేసినా అలిసిపోవు. కొన్ని ఒక్కసారిగా బలం చూపించి కాసేపటికే చతికిలబడతాయి. ఈ రెండింటికీ మధ్యరకం కూడా ఉంది. కండరాన్ని పల్చగా కోసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, నల్లవీ తెల్లవీ బూడిదరంగువీ పక్కపక్కన పేర్చిన గచ్చులా కనిపిస్తాయి. ఏ రకం ఎక్కువుందో చూస్తే ఆ జంతువు ఎలాంటి పనికి పుట్టిందో, ఎలాంటి పని చేసి బతికిందో కొంత తెలుస్తుంది.

ఒంటె సగం పూర్తయింది. మిగిలింది ఎద్దు. ఇసుకలో నడిచే కాలికీ గట్టి నేలలో బరువు లాగే కాలికీ లోపల తేడా ఏమిటన్నదే నా ప్రశ్న. దానికి బతుకంతా కాడి మోసిన ఎద్దు కావాలి, అది ఏ పని ఎన్నేళ్ళు చేసిందో చెప్పగల యజమాని కావాలి, చనిపోయిన గంట రెండు గంటల్లో నేను పక్కన ఉండాలి. ట్రాక్టర్లు వచ్చాక ఆ మూడూ ఒకచోట దొరకడం కలలో మాటయింది. మధ్యలో ఉద్యోగం, పరీక్షలు, పేపర్లు దిద్దడం. ఆ ఎడారిని మాత్రం మర్చిపోలేదు. అక్కడ నాకు ఒంటెల గురించి పుస్తకాల్లో లేనిదంతా నేర్పిన హర్జీరాం అనే ముసలి కాపరిని తలుచుకోకుండా నాకు వారం గడవదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ కబురు కూడా నాకు ఆలస్యంగా అందింది.

మే నెల రెండో వారంలో, మధ్యాహ్నం ఎండకి కిటికీలు మూసుకుని కూర్చున్నప్పుడు సుధాకర్ ఫోన్ చేశాడు. ఒకప్పటి నా విద్యార్థి, ఇప్పుడు నూజివీడు ప్రాంతంలో పశువుల డాక్టరు. "మేడం, మీరు అడుగుతుండేవారే, కాడి మోసిన ఎద్దు. ఒకటుందండీ. పదహారేళ్ళది. మామిడి తోటలో కాలువ గట్టు మీద జారి నిన్న సాయంత్రం పడిపోయింది. లెగట్లేదు. ఎముక విరగలేదు గానీ, ఈ వయసులో... మహా అయితే రెండు రోజులండీ." కొమ్మలు నేలకు వంగి ఉండే పాత తోటల్లో ట్రాక్టర్ దూరదనీ, అందుకే అక్కడ ఇంకా ఒకటీ అరా ఎద్దులు మిగిలాయనీ చెప్పాడు. నేను ఆ రాత్రికే రైలు టికెట్ తీసుకున్నాను.

ఆ వైపు వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక మాట. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గర బాపులపాడు పక్కన ఉంది. తెల్లవారుతుండగా విజయవాడలో దిగి, ఏలూరు వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కితే గంటలోపే అక్కడ దింపుతుంది. టికెట్ పాతిక రూపాయల లోపు. స్టేషన్ నుంచి జంక్షన్ సెంటరుకు షేర్ ఆటో, అక్కడి నుంచి నూజివీడుకు బస్సు, అరగంట ప్రయాణం. బస్సులో ఆడవాళ్ళంతా ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంటున్నారు. నేనూ నా కార్డు చూపించాను. కండక్టరు దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి, "మీది తెలంగాణదండీ. టికెట్ కొట్టాల్సిందే, ఏమనుకోకండి" అన్నాడు. పక్క సీటావిడ నా వైపు జాలిగా చూసి, "కార్డు ఇక్కడికి మార్పించేసుకోండి, మామిడిపళ్ళు కూడా బాగుంటాయి" అంది. కిటికీలోంచి చూస్తే వరి కోసేసిన పొలాలు అయిపోయి, నేల ఎర్రబారి, రోడ్డుకి రెండు వైపులా తోటలు మొదలయ్యాయి. ప్లాస్టిక్ ట్రేలు నిండా కాయలతో లారీలు ఎదురొస్తున్నాయి. గాలి నిండా మామిడి జీడి వాసన. కోతల రోజుల్లో ఆ వాసన బట్టలకు కూడా పడుతుంది.

బస్టాండు బయట సుధాకర్ మాట్లాడిపెట్టిన ఆటో ఉంది. డ్రైవరు ఏడుకొండలుది బాపులపాడు. వెనక సీట్లో నైట్రోజన్ క్యాను అప్పటికే తాళ్ళతో కట్టి ఉంది. కండరం ముక్కను తీసిన వెంటనే గడ్డకట్టించకపోతే లోపలి పోగులు పాడైపోతాయి. అందుకు ద్రవ నైట్రోజన్ కావాలి. పల్లెల్లో అది దొరికేది పశువుల ఆసుపత్రిలోనే, ఆవులకు కృత్రిమ గర్భధారణ సూదులు దాచే క్యానులో. ఒకటి ఖాళీగా ఉంటే సుధాకర్ నాకోసం నింపించి పెట్టాడు. చింతలపూడి వైపు రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు, తర్వాత తోటల్లోకి మట్టి దారి. ఆటోకి రెండువందల యాభై. "ఒంటెల డాక్టరమ్మ మీరేనంటగా అండీ?" అని అడిగాడు ఏడుకొండలు, అద్దంలోంచి నన్ను చూస్తూ. అవునన్నాను. "ఆ ఎద్దు సూరయ్య గారిదేగా, ఆయన నిన్నటి నుంచి అందరికీ చెప్తున్నాడండీ, హైదరాబాద్ నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తున్నారు, ఇక భయం లేదని." నాకు ఏదో తేడాగా అనిపించింది గానీ, దారిలో గుంతలు ఎక్కువగా ఉండి మాట అక్కడే ఆగిపోయింది.

తోటకు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. గట్టు పక్కన, ఒక బంగినపల్లి చెట్టు నీడలో, ఎద్దు కుడివైపుకి ఒరిగి పడి ఉంది. బూడిదరంగు ఒళ్ళు, మూపురం ఒక పక్కకి వాలిపోయి ఉంది. మెడ మీద కాడి రాసుకుని కాయలు కాసిన చోట అరచేతంత నల్లటి మచ్చ. దాని తల దగ్గర గోనెపట్టా మీద అరవై దాటిన మనిషి కూర్చుని ఈగలు తోలుతున్నాడు. నన్ను చూడగానే గబుక్కున లేచి రెండు చేతులూ జోడించాడు. "వచ్చారా తల్లీ! మావోణ్ణి లేపడానికి అంత దూరం నుంచి వచ్చారు. సుధాకర్ బాబు చెప్పారండీ, మీరు ఒంటెద్దులకి డాక్టరని. మా బూడిదోడు కూడా ఒంటెద్దేనండీ. వీడి జతగాడు మచ్చోడు పోయినేడాది పోయాడు. అప్పట్నించీ ఒంటిగానే బండి లాగుతున్నాడు."

ముందే వచ్చి ఉన్న సుధాకర్ వైపు చూశాను. వాడు చెట్టు వైపు చూశాడు. ఆ తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్ళి, "ఒంటెల మీద పనిచేసిన మేడం వస్తున్నారని చెప్పానండీ. ఆయన ఒంటెద్దు అనుకున్నాడు. ఎద్దు పోతే ముక్క తీసుకోడానికి వస్తున్నారని చెప్పాలనే వెళ్ళాను మేడం. ఆయన మొహం చూశాక నోరు రాలేదు" అన్నాడు. కోపం వచ్చింది. కానీ ఆ క్షణంలో నాకూ నోరు రాలేదు. నేను వచ్చింది ఆ ఎద్దు చనిపోతుందని. ఆయన చేతులు జోడించింది నేను బతికిస్తానని. ఏం చెయ్యాలో తెలియక, డాక్టరును కాబట్టి, వంగి ఎద్దును పరీక్షించడం మొదలుపెట్టాను.

కళ్ళలో వెలుగు పోలేదు. చెవులు వెచ్చగా ఉన్నాయి. వెనుక కాళ్ళ గిట్టల మధ్య గిచ్చితే లాక్కుంది. నరాలు బాగానే ఉన్నాయన్నమాట. కష్టమంతా కింద పడ్డ కుడి తొడతో. నాలుగువందల కిలోల శరీరం గట్టి నేల మీద ఒకే పక్కకి పడుకుంటే, అడుగున నలిగే కండరానికి రక్తం అందదు. కొన్ని గంటలకు ఆ కండరం వాచి, బిగిసి, పనికిరాకుండా పోతుంది. పడ్డ పశువు లేవకపోవడానికి సగం కారణం ముందు తగిలిన దెబ్బ, మిగతా సగం ఆ పడక. ఒంటెకు ఈ బాధ తక్కువ. దానికి రొమ్ము కింద రాయిలాంటి దళసరి చర్మం ఉంటుంది. కాళ్ళు మడిచి కూర్చున్నప్పుడు బరువులో చాలా భాగం దాని మీద పడుతుంది. కింద ఇసుక మెత్తగా ఒదిగిపోతుంది. అందుకే గంటలకొద్దీ కూర్చుని కూడా, ఏమీ జరగనట్టు లేచి నడిచిపోతుంది.

"ఇసుక కావాలి, ట్రక్కుడు" అన్నాను. తోట కౌలుకి తీసుకున్న నూజివీడు వ్యాపారి వెంకటరత్నం గారు అప్పుడే కోతలు చూసుకోవడానికి బండి మీద వచ్చారు. గోడౌన్ కట్టడానికి రోడ్డు పక్కన ఇసుక పోయించి ఉంచారట. సంగతి విని తల గోక్కుని, "తీసుకోండమ్మా. ఎద్దు లెగిశాక నా ఇసుక నాకిచ్చెయ్యాలి, ఇసుక దొరకడం మహా కష్టంగా ఉంది" అన్నారు. ట్రాక్టర్ దూరని చోటు కాబట్టి, కాయలు కోసే ఎనిమిది మంది కూలీలు ట్రేలతోనే ఇసుక మోసి పోశారు. గంటన్నర పట్టింది. గోనెసంచుల మీద ఎద్దును మెల్లగా జరిపి, ఇసుక పడక మీదకి ఎడమ వైపుకి మార్చాం. సుధాకర్ సెలైన్, కాల్షియం, నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ కుడి తొడను రెండు చేతులతో పిసకడం మొదలుపెట్టాను. హర్జీరాం అలాగే చేసేవాడు. ముసలి ఒంటె ఒకటి జబ్బుపడితే మూడు రోజులు దాని పక్కనే కూర్చుని, రొట్టెల పిండి కలిపినట్టు తొడలు పిసుకుతూ ఉండేవాడు. అప్పుడు నేను నోట్‌బుక్ పట్టుకుని దూరంగా నిలబడి చూసేదాన్ని. "రాస్తే చేతికి రాదు, రా" అని పిలిచేవాడు. ఒకటి రెండుసార్లు వెళ్ళాను. ఇంకా ఎక్కువసార్లు వెళ్ళి ఉండాల్సింది.

పదకొండు గంటలకు మొదటిసారి లేపడానికి ప్రయత్నించాం. పొట్ట కింద గోనెపట్టాలు దూర్చి, ఇటు నలుగురు అటు నలుగురు పట్టుకుని, సూరయ్య తోక మొదట్లో చెయ్యివేసి, "హై హై" అంటూ లేపారు. ఎద్దు ముందు మోకాళ్ళ మీదకి వచ్చింది. వెనుక భాగం జానెడు పైకి లేచి, గజగజ వణికి, మళ్ళీ కూలబడింది. కోత కూలీల్లో ఒకతను చెమట తుడుచుకుంటూ, "ఇక కాదులే బాబాయ్" అన్నాడు. సూరయ్య వినిపించుకోలేదు. అతని భార్య నాగరత్నం మాత్రం కొంగుతో మొహం కప్పుకుని అవతలికి వెళ్ళిపోయింది.

ఎండ ముదిరాక తోటలో పని ఆపేస్తారు. ఒంటిగంటకు నాగరత్నం నాకూ సుధాకర్‌కీ అరిటాకుల్లో అన్నం పెట్టింది. మామిడికాయ పప్పు, వడియాలు, మజ్జిగ. పప్పులో ముక్కలు ఆ ఉదయం చెట్టు కింద రాలినవేనట. సూరయ్య తినకుండా గట్టు మీద కూర్చుని, చెట్టు మొదట్లో పెట్టిన క్యాను వైపే చూస్తున్నాడు. కొంతసేపటికి అడిగాడు. "ఇది ఆవులకి సూదేసే క్యానే కదండీ. మా ఎద్దుకి దీంతో పనేంటి?"

సుధాకర్ ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మందులు చల్లగా ఉంచడానికని అంటే నమ్మేవాడు. కానీ పొద్దుటి నుంచి ఆ మనిషి నన్ను తల్లీ అంటున్నాడు. "సూరయ్య గారూ, నేను ఒంటెద్దుల డాక్టర్ని కాదండీ. ఒంటెల మీద పనిచేశాను, ఎడారిలో ఉండే ఒంటెల మీద. ఒంటె కాళ్ళలో ఏముందో చూశాను, ఎద్దు కాళ్ళలో ఏముందో చూడాలి. మీవాడు పోతాడని తెలిసి, పోయాక కాలిలోంచి చిన్న ముక్కలు తీసుకుందామని వచ్చాను. ఆ క్యాను అందుకు" అన్నాను.

నాగరత్నం గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. "అంటే పోతాడనే వచ్చారా?" అంది. అవునమ్మా అన్నాను. ఆమె నా ఆకులో ఇంకొంచెం మజ్జిగ పోసి, "తినండి. ఎండన పడి వచ్చారు" అంది. సూరయ్య లేచి, చెట్ల వరసల మధ్యకి నడిచి వెళ్ళి, కనిపించకుండా పోయాడు.

అరగంట తర్వాత వచ్చాడు. నా ఎదురుగా కూర్చోలేదు, ఎద్దు పక్కన కూర్చున్నాడు. "పొద్దున ఇసుక పోయించింది కూడా దానికేనా?"

"కాదండీ. ఇసుక మీవాడు లేవడానికి."

"మరి లెగిస్తే మీకు ముక్క రాదు కదమ్మా."

"రాదు."

"రెండూ ఎట్టా కుదురుతాయి?"

"కుదరవు" అన్నాను. ఆయన నా మొహంలోకి చాలా సేపు చూశాడు. అబద్ధం ఉందేమోనని వెతికినట్టనిపించింది. తర్వాత, అడగనా వద్దా అన్నట్టు, "వీడు కాడి ఎక్కినప్పట్నించీ దాపటోడండీ. కాడికి ఎడం పక్క. కుడి పక్క మచ్చోడు. పన్నెండేళ్ళు అట్టాగే నడిచారు. ఒంటిగా బండి కట్టినా వీడు ఎడమకే జరుగుతాడు, కుడి పక్క చోటు వదిలి. లోపల చూస్తే అది తెలుస్తుందాండీ మీకు? దాపటోడని?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియదు. ఇన్నేళ్ళలో నేను ఒంటెను, ఎద్దును పోల్చాలనుకున్నాను గానీ, ఒకే ఎద్దు ఎడమ కాలిని కుడి కాలితో పోల్చాలని తట్టలేదు. పన్నెండేళ్ళు పక్కన ఒకడున్నాడన్న సంగతి కండరం దాచుకుంటుందా? ఆ మాట విన్న క్షణంలో నాకు ఆ ముక్క ఎంత కావాలనిపించిందంటే, నా మీద నాకే భయమేసింది. "తెలియదండీ. తెలుసుకోవాలని ఉంది" అన్నాను. ఆయన తల ఊపాడు. "నాకూ ఉంది" అన్నాడు.

మూడు గంటలకోసారి పక్క మార్చాలి. నాలుగింటికి మార్చినప్పుడు పొద్దుటికంటే తొడ మెత్తబడింది. అప్పుడు హర్జీరాం చేసే ఇంకో పని గుర్తొచ్చింది. ఒంటె గానీ ఎద్దు గానీ లేచేటప్పుడు వెనుక భాగమే ముందు పైకెత్తుతాయి. బలం లేని ఒంటెకు ఆయన వెనుక కాళ్ళ కింద ఇసుక ఎత్తుగా పోసి, ముందు వైపు తవ్వి పల్లం చేసేవాడు. అప్పుడు ఎత్తాల్సిన బరువు తగ్గుతుంది. నేనూ పారతో ముందు వైపు ఇసుక తీసి వెనక్కి పోశాను. కోత కూలీలు మళ్ళీ వచ్చారు. పొద్దున "ఇక కాదు" అన్నతను అందరికంటే ముందు వచ్చి పట్టా పట్టుకున్నాడు. ఈసారి కేకలు వద్దన్నాను. ఎద్దు తల దగ్గర కూర్చుని, హర్జీరాం ఒంటెల కోసం నాలుకతో చేసే చప్పుడు చేశాను. ఎందుకు చేశానో తెలియదు. ఆ చప్పుడు నా నోట్లో ఇంకా మిగిలి ఉందని కూడా నాకు తెలియదు. ఎద్దు చెవి నా వైపు తిరిగింది.

ముందు మోకాళ్ళు మడిచింది. మెడ ముందుకు సాచింది. వెనుక కాళ్ళు వణుకుతూ లేచాయి, లేచి అక్కడే ఆగాయి. సుధాకర్ పట్టా కింద తన భుజం పెట్టాడు. ఒక ముందు కాలు నిటారైంది, తర్వాత రెండోది. బూడిదోడు నిలబడ్డాడు. నిలబడి, దెబ్బతిన్న కుడి కాలి మీద బరువు ఆగక, కుడి పక్కకి ఒరిగిపోతున్నాడు. అంతలో సూరయ్య పరుగున వెళ్ళి ఆ పక్కన నిలబడి, తన భుజాన్ని ఎద్దు డొక్కకి ఆనించి, కాళ్ళు నేలలో తన్నిపెట్టాడు. ఇద్దరూ అలాగే ఆనుకుని నిలబడ్డారు. నాగరత్నం బకెట్‌తో తవుడు నీళ్ళు తెచ్చింది. ఎద్దు సగం తాగింది. సూరయ్య ఆ పక్క నుంచి కదలలేదు. పావుగంట తర్వాత నాలుగు అడుగులు వేసింది. ఆయన కూడా దాంతోపాటే నాలుగు అడుగులు వేశాడు. నాగరత్నం నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను, మొహం కొంగులో ఉంది.

ఎద్దు మళ్ళీ ఇసుకలో తనంతట తాను కూర్చున్నాక, సూరయ్య నా దగ్గరకు వచ్చాడు. "చిన్న ముక్కయితే బతికుండగా కూడా తీస్తారంటగా, మత్తు సూదేసి. సుధాకర్ బాబు చెప్పారు. తీసుకోండమ్మా. ఊరికే వెళ్ళకండి." అది నిజమే. సూదిలాంటి పరికరంతో తీయవచ్చు, అది నా సంచిలో ఉంది. కాలంతా పోల్చడానికి ఆ పైపై ముక్క చాలదు గానీ, ఏమీ లేనిదానికంటే నయం. సుధాకర్ నా వైపు చూస్తున్నాడు. నా చెయ్యి సంచి మీదకు వెళ్ళింది కూడా. కానీ అప్పుడే లేచిన కాలు అది. అక్కడ చిన్న గాటు పడినా, రేపు లేవాల్సినప్పుడు నొప్పికి లేవకపోవచ్చు. "వద్దండీ. ఇవాళ నిలబడ్డ కాలు అది" అన్నాను. ఆయన, "అయితే వాడు పోయినప్పుడు నేనే కబురు పెడతాను. ఎవరికీ ఇవ్వను, మీకే" అన్నాడు. అక్కర్లేదు అనాలి. అనలేకపోయాను.

ఆరింటికి సుధాకర్ నన్ను బైక్ మీద హనుమాన్ జంక్షన్‌లో దింపాడు. క్యాను అతని ఆసుపత్రికే తిరిగి వెళ్ళింది, మూత తీయకుండానే. వెంకటరత్నం గారు పంపిన చిన్నరసాలు ఒక అట్టపెట్టె నిండా నా ఒళ్ళో ఉన్నాయి. ఇసుక సంగతి ఆయన ఎత్తలేదట. హైదరాబాద్ బస్సు కోసం నిలబడితే, చేతుల్లో ఎద్దు ఒంటి వాసన. ఆ వాసనకి, ఎక్కడో బికనీర్ దగ్గర చలి ఉదయం నిప్పు చుట్టూ కూర్చున్న ఒంటెలు, వాటి మధ్య గొంగళి కప్పుకుని నాకోసం టీ గ్లాసు చాస్తున్న ముసలాయన కళ్ళ ముందుకొచ్చారు. ఆయనకి ఫోన్ చేసి, మీరు చేసినట్టే చేశాను, లేచాడు అని చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మాట చేతిలో ఉండి, వినేవాళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో ఆ జంక్షన్‌లో బస్సుల హారన్ల మధ్య నాకు తెలిసింది.

ఇది రాసేనాటికి రెండు నెలలైంది. అక్కడ వానలు పడ్డాయి. బూడిదోడు తోట చివరిదాకా నడిచి వస్తున్నాడనీ, బండి మాత్రం కట్టడం లేదనీ సుధాకర్ చెప్పాడు. సుధాకర్ పేరు ఫోన్‌లో కనిపించినప్పుడల్లా మొదటి రింగుకే ఎత్తేస్తాను. ముందు వచ్చేది భయమే. దాని వెనకే, తలుపు పక్కన నిలబడ్డ మనిషిలా, ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆశ అని రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, రాయకపోతే ఈ ప్రయాణం గురించి నేను చెప్పిందంతా సగమే అవుతుంది. అటువైపు నుంచి వాడు, "బానే ఉన్నాడు మేడం, మేత తింటున్నాడు" అంటాడు. హమ్మయ్య అంటాను. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏ పనీ చేయలేను.

మే నెలలో ఆ తోటల దారిన వెళ్ళేవాళ్ళకు ఒకటి రెండు సలహాలు. పని చూడాలంటే ఎనిమిదిలోపు చేరండి, పదకొండు దాటితే చెట్ల కింద ఎవరూ ఉండరు. మట్టి దారిలో ఎదురుగా ఎద్దుబండి వస్తే హారన్ కొట్టకండి. పక్కకు తీసి, ఇంజన్ ఆపేసి ఆగండి. దాటిపోవడానికి రెండు నిమిషాలకంటే పట్టదు. ఆ రెండు నిమిషాలూ ఆ ఎద్దు కాళ్ళ వైపు చూస్తూ ఉండండి. ఆ దారిలో అలా నడిచేవి ఇప్పుడు మూడే మిగిలాయట.